విప్పకుండా వదిలిన త్రికోణం

పెళ్లయి నలభై రెండు రోజులు. ఈ నలభై రెండు రోజుల్లో నేర్చుకున్నదాంతో, మొగుడి మీద ఎవరైనా పరీక్ష పెడితే ఆమెకు నూటికి నూరు మార్కులు రావాల్సిందే. బూట్లు విప్పేటప్పుడు ఈల వేస్తాడు, అదీ శ్రుతి తప్పి. తలుపు చేత్తో తీయడు, భుజంతో నెడతాడు. టీ తాగితే అడుగున ఒక్క గుక్క వదిలేస్తాడు. అదేమిటండీ అంటే, "కప్పుకి కూడా ఏదో ఒకటి మిగలాలి కదోయ్" అంటాడు. ఇలాంటివి ఎవరికైనా చెబితే నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటే తలుచుకునేది. ఆఫీసు ఎప్పుడొచ్చేదో తెలిసేది కాదు.

ఆఫీసంటే పడవల క్లబ్బు మేడమీది గది. మూడు వైపులా అద్దాల కిటికీలు, ఎదురుగా సముద్రం. అక్కడ జరిగేవి కాటమరాన్ పందేలు. ఒక్కో పడవకు రెండు సన్నటి పొట్టలు, మధ్యన బిగించిన వల, ఇద్దరు మనుషులు. గాలి దొరికిందంటే ఒక పొట్ట నీళ్లలోంచి లేచిపోయి పడవ ఒంటికాలి మీద పరుగెడుతుంది. ఏ రోజు ఏ దారిన పందెం నడపాలో తేల్చడం ఆ గదిలోని ఇద్దరి పని. గాలి ఎటునుంచి వస్తోంది, అల ఎంత ఎత్తుంది చూసుకుని, నీళ్లమీద తేలే నారింజరంగు గుర్తులు, బోయాలు, ఎక్కడెక్కడ వేయాలో నిర్ణయించాలి. ఆ ఇద్దరిలో పెద్దాయన మాస్టారు. డెబ్బై దాటినవాడు, మాట పొదుపు. రెండో మనిషి ఆమె. పడవలవాళ్లు ఆమెకు చిన్నాఫీసరు అని పేరు పెట్టారు. ఆ పేరు వినిపించినప్పుడల్లా ఆమెకు కొత్త చీర కట్టుకున్నంత సంబరం.

మాస్టారి బల్ల మీద ఒక మెత్తటి చెక్క ఉండేది. దాని మీద నీలం కాగితం, కాగితం మీద బోయాలకు బదులు గుండుసూదులు, పక్కన ఎర్రదారం ఉండ. ప్రతి పందేనికీ ముందు మాస్టారు దారాన్ని మొదలు గీత నుంచి ఒక్కో సూది చుట్టూ తిప్పి ముగింపు గీత దాకా తెచ్చి, రెండు కొసలూ పట్టి లాగి చూసేవాడు.

"పడవ వెళ్లిన దారిని దారమనుకో అమ్మాయ్. లాగితే ప్రతి బోయాకీ సరైన వైపునుంచి ఆనాలి. ఆనిందా, పందెం పూర్తయినట్టే. ఇది పుస్తకంలో ఉన్న నియమమే."

పుస్తకంలో లేనిది ఇంకొకటుంది. పందెం ముగిసి, పడవలన్నీ ఒడ్డెక్కాక, మాస్టారు ఆ దారాన్ని చివరినుంచి మొదటికి, తిప్పినదానికి వ్యతిరేకంగా, ఒక్కో సూది చుట్టూ విప్పి ఉండకు చుట్టేవాడు. తొందరే ఉండేది కాదు. బయట హారన్లు మోగనీ, ఫోన్లు మోగనీ, ఆ పని కాకుండా కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఆయన చాదస్తం మీద కింద క్యాంటీన్లో బోలెడు జోకులుండేవి.

మాస్టారు ఎప్పుడూ ఒకటే దారి పెట్టేవాడు. పడవలవాళ్లు దాన్ని 'పైకీ కిందకీ' అనేవారు. ఎదురుగాలిలో నేరుగా పై బోయా దాకా, అక్కణ్ణుంచి గాలి వాలున కిందకి. కింద రెండు బోయాల వాకిలి ఉంటుంది. దాని మధ్యనుంచి దూరి ఎవరికి నచ్చిన వైపు వాళ్లు తిరగొచ్చు. భేషైన పద్ధతే. కానీ కాటమరాన్‌కి అసలు సరదా పక్కగాలిలో ఉంది. పక్కగాలి కావాలంటే త్రికోణం పెట్టాలి. త్రికోణం పెట్టమని ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఆమె ప్రాణం తోడేస్తున్నారు. భర్త చుక్కాని పడతాడు, మరిది తెరచాప చూస్తాడు. ఇద్దరిదీ ఒకే పడవ.

"వదినా, నీ చేతిలో పని. ఆ మూడో బోయాని పక్కకి ఒక్క అరమైలు జరిపావంటే ఎగిరిపోతాం."

"నా చేతిలో గరిటె కూడా లేదు అబ్బాయ్, మాస్టారి చేతిలో ఉంది."

"మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యవా? ఎలాంటిదాన్ని కట్టబెట్టారురా దేవుడా మా అన్నయ్యకి!"

"నీకు నాకంటే గయ్యాళిని చూసి కట్టబెడతాను, ఆగు," అంది ఆమె. భర్త నవ్వుతూ కప్పులో ఒక్క గుక్క టీ వదిలి లేచాడు.

అదృష్టమో మరేమిటో, మాస్టారు కంటి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "త్రికోణం పెట్టాలనిపిస్తే పెట్టు. గాలి బాగుంటే తప్పేం లేదు. దారం మాత్రం విప్పు," అన్నాడు.

ఆ శనివారం గాలి అడిగినట్టే వచ్చింది. ఆమె బోర్డు మీద త్రికోణం గీసింది. పై బోయా, పక్క బోయా, కింద బోయా, మూడూ ఎడమ చేతి వైపు ఉండేలా తిరగాలి. పదకొండు పడవలు. పక్క బోయా దగ్గర ఒకదాని వెంట ఒకటి ఒంటికాలి మీద లేచి, నీళ్లు చీల్చుకుంటూ తిరుగుతుంటే, పందెం నడిపే మోటారు పడవ మీద నిలబడ్డ ఆమె చేతిలోని హారన్ సంగతే మరిచిపోయి చప్పట్లు కొట్టింది. భర్త పడవ రెండోదిగా గీత దాటింది. మరిది తడి చేతులతోనే ముద్దులు విసిరాడు.

మేడమీదికి వచ్చి దారం విప్పబోయింది. మర్చిపోలేదు. అది న్యాయంగా చెప్పాలి. కానీ పక్క సూది దగ్గర దారం ఎలాగో మెలిపడిపోయింది. గోటితో లాగితే ఇంకా బిగిసింది. కింద స్కూటర్ హారన్. "ఏమోయ్, వస్తున్నావా, నన్నొక్కణ్ణే సినిమాకి పొమ్మంటావా?" అని భర్త గొంతు. ఆమె బల్ల సొరుగులోంచి కత్తెర తీసింది. కిట్, కిట్. రెండు చోట్ల తెగి, దారం మూడు ముక్కలై ఊడివచ్చింది. రెండు పొడుగు ముక్కల్ని సొరుగులో పడేసింది. జానెడు ముక్క అందంగా ఉందని బొటనవేలికి చుట్టుకుని మెట్లు దిగింది. ఇంట్లో రెండు కప్పులూ ఒకేలా ఉంటాయి. మర్నాడు పొద్దున ఆ ముక్కను భర్త కప్పు పిడికి కట్టి, తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆ రోజే మొదలైంది. ఆదివారం పొద్దున టిఫినుకి పిలిస్తే భర్త వచ్చి, బల్లను ఎడమ చేతి వైపు ఉంచుకుని చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి, అప్పుడు కూర్చున్నాడు. ఆమె పకపకా నవ్వింది. "గెలిచినవాళ్లు కూడా ఇన్ని తిరుగుళ్లు తిరగరండీ, మీరు రెండోవారు!" అతను నవ్వలేదు. టీ తాగాడు. కడిగేటప్పుడు చూస్తే కప్పు అడుగున చుక్క లేదు.

కప్పుకి ఏమీ మిగల్చలేదు. ఆ చిన్న విషయానికి చేతిలో కప్పు పట్టుకుని ఆమె ఎంతసేపు నిలబడిందో.

సోమవారం బూట్లు విప్పాడు, ఈల లేదు. మంగళవారం మరిది వచ్చాడు. గుమ్మంలో ఉన్న కుర్చీని, తర్వాత ఫ్రిజ్‌ని, తర్వాత ఆమెను, మూడింటినీ ఎడమకు ఉంచుకుని తిరిగి వచ్చి అన్న పక్కన నిలబడ్డాడు. ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి, ఒక్క మాట అనలేదు.

"ఏరా అబ్బాయ్, నాలుక సముద్రంలో పడేసుకున్నావా?"

"ఇంకా ఎంత దూరం వదినా?"

"దేనికి?"

"గీతకి." అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అన్నారు.

గదిలో ఫ్యాను తిరగడం లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. అయినా ఇద్దరి జుట్టూ ఒకే పక్కకి, కుడి నుంచి ఎడమకి, ఎగురుతోంది. భర్త చొక్కా భుజం తడిగా ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె వేలు నాలికకు తగిలించుకుంది. ఉప్పు.

బుధవారం అతను రొట్టె కొనడానికి వెళ్లాడు. కొట్టు వీధి చివరే, పిలిస్తే పలికేంత దూరం. రెండు గంటలైనా రాకపోతే ఆమె చెప్పులేసుకుని బయల్దేరింది. దీపస్తంభం దగ్గర, పడవలకు తెరచాపలు కుట్టే దర్జీ కనిపించాడు. శనివారం అతనూ పందెంలో ఉన్నాడు. స్తంభాన్ని ఎడమకు ఉంచుకుని తిరిగి వీధి దాటాడు. ఎదురు వీధిలో ఇంకో ఇద్దరు. ఆస్పత్రి మూల దగ్గర ఇద్దరు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. కళ్లు చిట్లించి దూరంగా, ఇళ్ల గోడల అవతలికి చూస్తున్నారు. అందరి అడుగూ ఒకే వేగం. రొట్టెల కొట్టు, ఆస్పత్రి మూల, నీళ్ల ట్యాంకు. మూడు మలుపులూ ఎడమకే. ఆదివారం భోజనాల బల్లంత ఉన్న త్రికోణం బుధవారానికి పేటంత అయింది. ఆమె భర్త ట్యాంకు వైపునుంచి వచ్చి, ఆమెను దాటి, రొట్టె పొట్లం చంకలో పెట్టుకుని ముందుకు వెళ్లిపోయాడు. చెయ్యి పట్టుకుని ఆపింది. ఆగాడు. వదిలింది. కదిలాడు. అంతే. కోపం లేదు, విసుగు లేదు, ఆమె ఎవరో అన్న ధ్యాసే లేదు.

ఇలాగే పెరిగితే రేపటికి ఊరంత, ఎల్లుండికి? ఊరికి ఒక పక్క సముద్రం.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే పనికి ఆలస్యమవుతుందనిపించింది.

మాస్టారు కంటికి కట్టుతో ఇంట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. ఆమె చెప్పినదంతా విని, "దారం ఏది?" అన్నాడు.

"మెలిపడింది మాస్టారూ. కత్తిరించాను."

ఆయన కట్టులేని కన్ను కూడా మూసుకున్నాడు.

"పైకీ కిందకీలో వాకిలి దగ్గర సగంమంది కుడికి, సగంమంది ఎడమకి తిరుగుతారు. కొంత చుట్టుకుంటుంది, కొంత దానంతటదే విడుతుంది. అందుకే అది పెడతాను. త్రికోణంలో అందరూ ఒకే వైపు తిరుగుతారు. మూడుసార్లు. అది విప్పితేగానీ విడదు."

"విప్పకపోతే ఇలా ఎందుకవుతుంది మాస్టారూ?"

"నాకేం తెలుసమ్మా. నాకు పని నేర్పినాయన విప్పేవాడు, నేనూ విప్పాను. ఎందుకని అడిగాను ఒకసారి. విప్పకపోతే తెలుస్తుంది అన్నాడు." అంతలోనే, "ముక్కలున్నాయా? అన్నీ?" అన్నాడు.

ఉన్నాయి. రెండు సొరుగులో. ఒకటి కప్పుకి.

"అయితే ముడివేయి. శనివారం అదే త్రికోణాన్ని వెనక్కి నడిపించు. ముగింపు దగ్గర మొదలుపెట్టి, మూడు బోయాలూ కుడి చేతి వైపు. వాళ్లు తిరుగుతున్నప్పుడే నువ్వు చెక్క మీద దారం విప్పు. వాళ్లకంటే ముందు పోకు, వెనకబడకు. ఇంకోటి. ముడికి కొంత దారం పోతుంది. ఆ కొంత రాదు."

"అంటే?"

"తెలిస్తే చెప్పనా?"

క్లబ్బు కార్యదర్శి ఒప్పుకోవడానికి శుక్రవారం సాయంత్రం దాకా పట్టింది. అతను పడవెక్కే రకం కాదు, ఫైళ్ల మనిషి.

"పక్కగాలిలో మొదలుపెట్టిస్తావా? పదకొండు పడవలూ ఒకేసారి దూసుకెళ్లి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. తలకాయ ఉండే మాట్లాడుతున్నావా అమ్మా?"

"గీత పొడుగ్గా వేయిస్తానండీ."

"ఏ పుస్తకంలో ఉంది ఈ పద్ధతి?"

"కిటికీలోంచి చూడండి సార్."

కింద ఇసుకలో ఇరవై ఇద్దరు మనుషులు వరసగా నడుస్తున్నారు. త్రికోణం ఒక మొన అప్పటికే నీళ్లలోకి వెళ్లింది. అక్కడికి వచ్చినవాళ్లు మోకాలి లోతుకి దిగి, ఎడమకు తిరిగి, తడి ప్యాంట్లతో ఒడ్డెక్కుతున్నారు. వాళ్ల అడుగులు పడ్డచోట ఇసుకలో కాలువలాంటి గుంత పడింది. కార్యదర్శి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి లాక్కుని, దాన్ని పట్టుకునే నిలబడి, సంతకం పెట్టాడు.

శనివారం పొద్దున నీళ్లు వాళ్ల నడుముల దాకా వస్తున్నాయి. పడవలు ఎక్కండి అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పడవలు చూపించగానే ఎక్కారు. మోటారు పడవ మీద చెక్కను ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చుంది. రెండు ముళ్లు వేసిన ఎర్రదారాన్ని పోయిన శనివారం నాటి లెక్కనే మూడు సూదుల చుట్టూ చుట్టి పెట్టుకుంది. పడవ నడిపే సరంగు హారన్ కొట్టాడు.

పదకొండు తెరచాపలు ఒక్కసారి నిండాయి. ఎవరూ కేకలు వేయలేదు. పందెంలో కేకలు లేకపోతే సముద్రం ఎంత పెద్దగా వినిపిస్తుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

కింద బోయా. కుడికి. ఆమె మొదటి సూది నుంచి దారం విప్పింది. పడవలు పక్క బోయా వైపు మళ్లాయి. ఆమె వేళ్లు వాటితోపాటు సాగాయి. పక్క సూది దగ్గరికి వచ్చేసరికి మొదటి ముడి సూదికి తట్టుకుని ఆగింది.

పడవలు ఆగాయి.

గాలి ఉంది. తెరచాపలు నిండుగానే ఉన్నాయి. ఒక పొట్ట గాల్లోకి లేచే ఉంది, వెనక నీళ్లమీద తెల్లటి చార పరుచుకునే ఉంది. కానీ పదకొండూ బోయా చుట్టూ బొమ్మలో గీసినట్టు నిలిచిపోయాయి. భర్త చుక్కాని పట్టుకుని వెనక్కి వాలి ఉన్నాడు. పడవ ముక్కు మీది నుంచి లేచిన నీటి తుంపర అతని మొహం ముందు, పడకుండా, గాల్లోనే ఉంది.

"ఇదేందమ్మా," అన్నాడు సరంగు. "ఇంజను పెట్టి దగ్గరికి పోదామా?"

"కదలకు బాబాయ్. నాతో మాట్లాడకు."

లాగితే వచ్చేస్తుంది. లేదా తెగిపోతుంది. పోయిన శనివారం కింద స్కూటర్ మోగితే కత్తెర తీసిన చెయ్యి ఇదే. ఇప్పుడు ఆమెను పిలిచేవాళ్లెవరూ లేరు. ముడిని నాలికతో తడిపింది. గోటి చివరతో అటు కాస్త, ఇటు కాస్త, దూదిలోంచి గింజ తీసినట్టు, సూది పక్కగా జరిపింది. ఎంతసేపో. ఎండ మెడమీంచి భుజం మీదికి వచ్చింది. ముడి జారింది.

తుంపర మొహం మీద పడింది. పడవలు కదిలాయి.

రెండో ముడి పై సూది దగ్గర. మళ్లీ ఆగారు. ఈసారి మరిది నోరు సగం తెరిచి ఉంది, ఏదో అనబోతున్నట్టు. ఆమె దీన్నీ తడిపి, గోటితో మెల్లగా జరిపింది. ముడి జారింది. పై బోయా దాటి పడవలు గాలి వాలున కిందకి పరుగెత్తాయి. పోయిన శనివారం మొదలుపెట్టిన గీత మీదికి మొదటి పడవ ముక్కు వచ్చేసరికి ఎర్రదారం మొత్తం ఆమె ఒళ్లో కుప్పగా ఉంది. సూదుల మీద ఏమీ లేదు.

"—పడేసుకున్నది నాలుక కాదు, టోపీ!" అని మరిది గొంతు నీళ్లమీంచి వచ్చింది. "వదినా! నా టోపీ కనబడిందా? ఇదేంటి, కుడికి తిప్పించావేంటి మమ్మల్ని? పిచ్చిగానీ పట్టిందా నీకు?"

ఆమె ఒక్కొక్క పడవనూ లెక్కబెట్టింది. పదకొండు. మనుషుల్ని లెక్కబెట్టింది. ఇరవై ఇద్దరు. అప్పుడు దారాన్ని ఉండకు చుట్టింది.

ఆ సాయంత్రం తలుపు భుజంతో నెట్టుకుని భర్త లోపలికి వచ్చాడు. బల్ల చుట్టూ తిరగలేదు, నేరుగా వచ్చి కూర్చున్నాడు. బూట్లు విప్పుతూ ఈల మొదలుపెట్టాడు. శ్రుతి చక్కగా తప్పింది. అంత చక్కని పాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నవ్వుతూ టీ గిన్నె దించబోయింది.

ఈల ఆగింది.

తిరిగి చూసింది. అతను ఒక బూటు చేత్తో పట్టుకుని వంగి ఉన్నాడు. పెదాలు ఈల వేస్తున్నట్టే గుండ్రంగా ఉన్నాయి. రెప్ప వాలడం లేదు. ఆమె దగ్గరికి వెళ్లి, పక్కన నేలమీద కూర్చుని, ఆ చేతి మీద చెయ్యి వేసింది. వెచ్చగానే ఉంది. లాగలేదు. పిలవలేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు తొమ్మిదిసార్లు కదిలింది.

ఈల ఆగినచోటనే మళ్లీ అందుకుంది. "ఏమోయ్, నేలమీద కూర్చున్నావేం?" అన్నాడు.

"ఊరికే. మీ బూట్లు బాగున్నాయని."

"పాతబూట్లకి ఇంత మర్యాదా?"

టీ తాగుతూ, కప్పు పెదాల దగ్గర ఉండగా ఇంకోసారి ఆగాడు. రెండు ముడులు, రెండుసార్లు. ఆ తర్వాత ఏ రోజూ అంతకంటే ఎక్కువ కాలేదు, తక్కువా కాలేదు. అతనికి తెలియదు. దర్జీ భార్య మాత్రం ఒకరోజు బజార్లో ఆమె చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో కూడానా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. మాస్టారు తిరిగొచ్చాక బోర్డు మీద పైకీ కిందకీ రాశాడు, దారం విప్పే పని ఆమెకే అప్పజెప్పాడు. ఆమె విప్పుతుంటే కింద ఎన్ని హారన్లు మోగినా ఎవరూ జోకులు వేయడం లేదు.

ఇంట్లో మాత్రం, అతను ఆగినప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలేసి పక్కన కూర్చుంటుంది. తొమ్మిది లెక్కబెడుతుంది. ఎనిమిది దాటి తొమ్మిది వచ్చేలోపు ఊపిరి తీసుకోదు. తర్వాత కప్పు కింద పెడతాడు. ఆమె వంగి అడుగున చూస్తుంది.

ఒక్క గుక్క ఉంటుంది.